తప్పెక్కడో మాకు తెలుసు, దిద్దడానికి సోర్స్ ఇవ్వండి

లైనక్స్ వేసిన కంప్యూటర్లను కాలేజీలకు, ఆఫీసులకు సరఫరా చేస్తూ, వాటితోపాటు హార్డ్‌వేర్ మానిటరింగ్ ప్రోగ్రామును బైనరీగా (మిషన్ మాత్రమే చదవగల రూపంలో) మాత్రమే ఇస్తున్న సంస్థలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మీరిచ్చిన ప్రోగ్రాము చిన్నది. స్క్రీను మూలన కూర్చుని ప్రాసెసర్ వేడి, ఫ్యాన్ వేగం, 12 వోల్టుల లైను, డిస్కు వేడి చూపిస్తుంది. అరవై మిషన్లున్న ల్యాబ్‌లో ఇలాంటిది ఉండాల్సిందే. ఇచ్చినందుకు కృతజ్ఞతలు. అయితే అది చూపే అంకెలు తప్పని, సోర్స్ కోడ్ (మనుషులు చదివి మార్చగల అసలు ప్రోగ్రాము) ఇస్తే మేమే సరిచేసి తిరిగి పంపుతామని రాసిన ఉత్తరాలకు ఇంతవరకు జవాబు లేదు. ఫోన్ చేస్తే టికెట్ పెట్టమంటారు. టికెట్ పెడితే "తర్వాతి వెర్షన్‌లో వస్తుంది" అని మూసేస్తారు. తర్వాతి వెర్షన్‌లో మారింది ఐకాన్ రంగు. అందుకే ఇప్పుడు నలుగురి ముందు రాస్తున్నాం.

ఊహించి నిందలు వేయడం లేదు. స్ట్రేస్ అనే సాధనం కింద నడిపితే మీ ప్రోగ్రాము ఏ ఫైలు తెరుస్తోందో, అందులో ఏం చదువుతోందో, దేనిలో ఏం రాస్తోందో వరుసగా కనిపిస్తుంది. స్ట్రింగ్స్ కమాండుతో బైనరీ లోపలి మాటలు చదవొచ్చు. ఈ రెండింటితో తేలిన సంగతులివి.

1. వేడి అనుకుని చూస్తున్నది వేరే దాని వేడి.

కెర్నల్ (లైనక్స్‌లో హార్డ్‌వేర్‌ను నడిపే మూల భాగం) ప్రతి సెన్సారునూ సిస్ అనే ఫైల్‌సిస్టంలో హెచ్‌డబ్ల్యూమాన్ అనే ఫోల్డరు కింద ఉంచుతుంది: హెచ్‌డబ్ల్యూమాన్0, 1, 2 ఇలా. ఆ నంబర్లు డ్రైవర్లు లోడైన వరుసను బట్టి వస్తాయి, అంతకుమించి వాటికి అర్థం లేదు. మీ ప్రోగ్రాము నేరుగా హెచ్‌డబ్ల్యూమాన్2 లోని టెంప్1_ఇన్‌పుట్ అనే వేడి ఫైలు తెరుస్తోంది. మీరు పరీక్షించిన మిషన్లో అది ప్రాసెసరే అయ్యుంటుంది. ఎన్‌వీఎంఈ (బోర్డుకు నేరుగా తగిలే వేగవంతమైన) డిస్కు చేర్చినా, ఇంటెల్ వైఫై కార్డు పెట్టినా, కెర్నల్ మారినా ఆ వరుస కదులుతుంది. అప్పుడు ప్రాసెసర్ వంద డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుని ఈడుస్తుంటే, స్క్రీను మూలన డిస్కు తాలూకు 42 ప్రశాంతంగా కూర్చుంటుంది.

మందు చిన్నదే. ప్రతి హెచ్‌డబ్ల్యూమాన్ ఫోల్డర్లోనూ నేమ్ అనే ఫైలుంటుంది. అందులో కోర్‌టెంప్ అని ఉంటే ఇంటెల్ ప్రాసెసర్, కే10టెంప్ అని ఉంటే ఏఎండీ. పేరు చదివి పట్టుకోవాలి, నంబరుతో కాదు. రెండు ఎన్‌వీఎంఈ డిస్కులుండి పేరు ఒకటే అయితే డివైస్ అనే లింకు ఎటు పోతోందో చూడాలి. పది పదిహేను లైన్ల పని.

హెచ్‌డబ్ల్యూమాన్2 దొరకనప్పుడు మీ ప్రోగ్రాము థర్మల్_జోన్0 అనే మరో వేడి ఫైలు మీద పడుతోంది. అది ఇంకా మోసం. చాలా డెస్క్‌టాప్ బోర్డుల్లో ఆ జోను బయోస్‌లో (బోర్డులోనే ఉండే ప్రోగ్రాములో) రాసిపెట్టిన ఒకే అంకెను, 27.8 లాంటిదాన్ని, పొద్దస్తమానం చెబుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గది 42 డిగ్రీలుండగా, మూత వేసిన డబ్బా లోపల 27.8 ఉందనే అంకె అబద్ధమని చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు.

2. చదవలేకపోతే సున్నా చూపిస్తోంది.

సెన్సారు ఫైలు తెరిచినా చదవడం ఒక్కోసారి విఫలమవుతుంది. కెర్నల్ ఒక ఎర్రర్ కోడు ఇస్తుంది. మీ ప్రోగ్రాము దాన్ని చూడకుండా సున్నా అనో, అంతకుముందు అంకె అనో చూపిస్తోంది. బోర్డు మీద వేడి కొలిచే థర్మిస్టరే బిగించని పిన్నుల నుంచి 127, మైనస్ 128 లాంటివి వస్తాయి. వాటినీ యథాతథంగా చూపి అలారం మోగిస్తోంది. రెండు రోజులు వృథాగా మోగిన అలారాన్ని మూడో రోజు ఎవరైనా ఆపేస్తారు. అసలు వేడెక్కిన రోజున అది మోగదు. చదవలేకపోతే "చదవలేదు" అని చూపాలి. టెంప్1_ఫాల్ట్ ఫైలు ఉన్నచోట దాన్నీ చూడాలి.

3. ఏఎండీ మిషన్లలో ఇరవై డిగ్రీలు ఎక్కువ.

రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు ఫ్యాన్ లెక్క కోసం అసలు వేడికి 20 కలిపి టీకంట్రోల్ అనే అంకె ఇస్తాయి. 2700ఎక్స్ 10 కలుపుతుంది, మొదటి తరం థ్రెడ్‌రిప్పర్లు 27. కే10టెంప్ డ్రైవరు ఆ తేడా తీసేసి టిడై అనే లేబులుతో అసలు అంకెను విడిగా ఇస్తుంది. మీరు లేబుల్ చదవడం లేదు, మొదటి ఫైలు చదివి సరిపెట్టుకుంటున్నారు. ఫలితంగా బాగానే ఉన్న మిషన్ల హీట్‌సింకులు విప్పి థర్మల్ పేస్టు మార్చినవారున్నారు.

4. వోల్టేజీ లెక్కకు బోర్డు వివరం కావాలి, అది మీ దగ్గరే ఉంది.

బోర్డు మీద వేడి, వోల్టేజీ, ఫ్యాన్లు చూసే సూపర్ ఐఓ చిప్పు 12 వోల్టులను నేరుగా కొలవలేదు. ఐటీఈ కంపెనీ పాత చిప్పుల్లో ఒక్కో మెట్టు 16 మిల్లీవోల్టులు, 255 మెట్లకు 4.08 వోల్టులు, అంతే దాని శక్తి. అందుకని బోర్డు తయారీదారు రెండు రెసిస్టర్లతో వోల్టేజీని విభజించి చిప్పుకు ఇస్తాడు. 30 కిలో ఓములు, 10 కిలో ఓములు పెడితే చిప్పుకు కనిపించేది 3 వోల్టులు, దాన్ని 4తో గుణించాలి. 33, 10 పెడితే చిప్పుకు 2.79 కనిపిస్తుంది, 4.3తో గుణించాలి. మీరు బోర్డు ఏదైనా 4తోనే గుణిస్తున్నారు. రెండో రకం బోర్డు మీద నిక్కమైన 12 వోల్టులు మీ స్క్రీన్లో 11.16 అవుతాయి. కంప్యూటర్ పవర్ సప్లైల ఏటీఎక్స్ ప్రమాణంలో 12 వోల్టుల లైనుకు 5 శాతం దాకానే తేడా ఒప్పుకుంటారు, అంటే 11.40 కన్నా తగ్గకూడదు. ల్యాబ్ అసిస్టెంటు ఏం చేస్తాడు? నిక్షేపంలాంటి ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) పీకి కొత్తది కొనమని ఇండెంటు పెడతాడు. ఆ డబ్బు కాలేజీది.

రెసిస్టర్ల విలువలు బయటివాళ్లు కనిపెట్టాలంటే మల్టీమీటరు పట్టుకుని లైను లైనూ కొలిచి, బయోస్ స్క్రీనుతో పోల్చి వెనక్కి లెక్కగట్టాలి. బోర్డు కొన్నప్పుడే మీకది తెలుసు. ఒక్కో బోర్డుకు పది లైన్ల సెన్సార్స్ కాన్ఫిగరేషన్ ఫైలు రాసి పెడితే చాలు. 

5. ఫ్యాన్. అన్నిటికన్నా ప్రమాదం ఇక్కడే.

"నిశ్శబ్ద మోడ్" అని మీరొక బటన్ పెట్టారు. అది నొక్కగానే పీడబ్ల్యూఎం1_ఎనేబుల్ ఫైల్లో 1, పీడబ్ల్యూఎం1 ఫైల్లో 60 రాస్తోంది. మొదటి ఫైల్లో 1 అంటే ఫ్యాన్ బాధ్యత చిప్పు నుంచి తీసేసి మనం తీసుకున్నామని అర్థం. రెండో ఫైలుకు 0 నుంచి 255 దాకా విలువలుంటాయి, 60 అంటే నాలుగో వంతుకన్నా తక్కువ. దాని తర్వాత ప్రోగ్రాము వేడి చూస్తూ వేగం పెంచుతోంది, బాగానే ఉంది. మరి ప్రోగ్రామే చచ్చిపోతే?

ఫ్యాన్ ఆ 60 దగ్గరే ఉండిపోతుంది. చిప్పు దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకోదు, ఎందుకంటే వదిలెయ్యమని మీరే చెప్పారు. మెమొరీ నిండి కెర్నల్ ఏదో ఒక ప్రోగ్రామును చంపాల్సి వచ్చినప్పుడు సిగ్‌కిల్ అనే సంకేతం పంపుతుంది. దాన్ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, పోయే ముందు సర్దుకునే అవకాశం ఉండదు. నాలుగు జీబీ ర్యామ్ మిషన్లో విద్యార్థి బ్రౌజరూ, కోడ్ రాసుకునే ఎక్లిప్సూ ఒకేసారి తెరిస్తే ఈ సందర్భం వచ్చినట్టే. పైన చెప్పిన మొదటి తప్పు దీనికి తోడైతే, ప్రోగ్రాము బతికి ఉన్నా డిస్కు వేడి చూసి ప్రాసెసర్ ఫ్యాన్ నడుపుతుంటుంది. ప్రాసెసర్ తనను తాను కాపాడుకుంటుంది, నిజమే, వేగం తగ్గించుకుంటుంది, మరీ మితిమీరితే ఆగిపోతుంది. ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఆగిన మిషన్ ముందు కూర్చున్న పిల్లకు ఆ వివరణతో పనిలేదు. చుట్టూ ఉన్న కెపాసిటర్లకు ఆపాటి రక్షణా లేదు.

దీన్ని ఎలా రాయాలో కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. సెన్సార్లు చదివే ఎల్‌ఎం-సెన్సార్స్ ప్యాకేజీలో ఫ్యాన్‌కంట్రోల్ అనే షెల్ స్క్రిప్టు ఏళ్లుగా ఉంది. అది కాన్ఫిగరేషన్లో రాసిన డివైసు పేరు, దారి ఇప్పటి వాటితో సరిపోలకపోతే నడవనని ఆగిపోతుంది. ఆగేటప్పుడు ఫ్యాన్‌ను పాత స్థితికి తెస్తుంది. ఆగిన ఫ్యాన్ తిరగడం మొదలవ్వడానికి కావాల్సిన విలువ, తిరిగే ఫ్యాన్ ఆగకుండా ఉండటానికి కావాల్సిన విలువ వేర్వేరని దానికి తెలుసు, రెండింటినీ విడిగా అడుగుతుంది. మీ ప్రోగ్రాములో కావాల్సినవి మూడు: మొదలైనప్పుడు పాత ఎనేబుల్ విలువ ఒకచోట రాసిపెట్టుకోవడం, ఆగమని చెప్పే సిగ్‌టెర్మ్, సిగ్‌ఇంట్ సంకేతాలు వస్తే దాన్ని తిరిగి రాయడం, సిగ్‌కిల్ కోసం సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపే లైనక్స్ ప్రోగ్రాము) సర్వీసు ఫైల్లో ఎగ్జెక్‌స్టాప్‌పోస్ట్ లైను పెట్టడం, ప్రోగ్రాము ఎలా పోయినా అది నడుస్తుంది. సస్పెండ్ నుంచి లేచాక విలువలు మళ్లీ సరిచూసుకోవడం నాలుగోది అనుకోండి.

6. రూట్ హక్కులతో నడిచే బైనరీ, సోర్స్ లేకుండా.

మీ ప్రోగ్రాముకు సెట్‌యూఐడీ బిట్ ఉంది. ఏ విద్యార్థి నడిపినా అది రూట్‌గా (మిషన్ మీద అన్ని హక్కులూ ఉన్న ఖాతాగా) నడుస్తుంది. ఎందుకంటే రెండు కారణాలు కనిపిస్తున్నాయి. డిస్కు వేడి కోసం పాత హెచ్‌డీడీటెంప్ పద్ధతిలో డిస్కుకు నేరుగా ఆజ్ఞలు పంపుతోంది. ప్రాసెసర్ ఎన్ని వాట్లు తాగుతోందో చెప్పే ఆర్‌ఏపీఎల్ ఫైలు చదువుతోంది. 2020 నవంబరులో ప్లాటిపస్ అనే దాడి బయటపడ్డాక (వాట్ల లెక్క చూసి ఎన్‌క్రిప్షన్ తాళాలు రాబట్టే పద్ధతి అది) ఆ ఫైలును కెర్నల్ రూట్‌కు మాత్రమే పరిమితం చేసింది. దానికి మీ సమాధానం మొత్తం ప్రోగ్రామునే రూట్ చేయడం! పైగా లోపల సెట్‌యూఐడీ సున్నా పిలిచి (పూర్తిగా రూట్‌గా మారి), ఆ వెంటనే సిస్టమ్ పిలుపుతో ఎల్‌ఎం-సెన్సార్స్‌లోని సెన్సార్స్ కమాండును పూర్తి దారి ఇవ్వకుండా నడుపుతోంది. కమాండ్లను ఎక్కడ వెతకాలో చెప్పే పాత్ వేరియబుల్లో ముందు తన ఫోల్డరు పెట్టి, సెన్సార్స్ అనే పేరుతో రెండు లైన్ల స్క్రిప్టు రాసిన రెండో సంవత్సరం కుర్రాడికి ఆ మిషన్ రూట్ చేతికొస్తుంది. ఇది ఇక్కడ రాయాలా వద్దా అని చాలా ఆలోచించాం. మీకు విడిగా రాసినప్పుడు జవాబు వచ్చి ఉంటే రాసేవాళ్లం కాదు.

డిస్కు వేడికి రూట్ అక్కర్లేదు. 2020లో వచ్చిన 5.6 కెర్నల్ నుంచి డ్రైవ్‌టెంప్ అనే మాడ్యూలు (కెర్నల్‌కు విడిగా చేర్చే భాగం) సాటా డిస్కుల వేడిని మామూలు హెచ్‌డబ్ల్యూమాన్ ఫైలుగా ఇస్తోంది. అది తనంతట తాను లోడ్ కాదు, మాడ్యూల్స్-లోడ్ ఫోల్డర్లో పేరు రాయాలి. మరీ తరచుగా చదివితే కొన్ని డిస్కుల్లో నిద్రపోయే గడియారం ప్రతిసారీ మొదటికొస్తుంది, కాబట్టి డిస్కు నిద్రపోయే గడువుకన్నా ఎక్కువ విరామం ఇచ్చి చదవాలి. వాట్ల అంకె కావాలంటే ఆ ఒక్క ఫైలు తెరిచి, వెంటనే హక్కులు వదిలేసే చిన్న సహాయక ప్రోగ్రాము రాస్తే సరి. మామూలు విద్యార్థికి ఆ అంకె చూపకపోయినా కొంపలేం మునగవు.

7. కెర్నల్ అప్‌డేట్ చేస్తే అంతా ఆగిపోతోంది.

కొత్త ఐటీఈ చిప్పుల కోసం మీరు ఐటీ87 అనే డ్రైవరును మార్చి, కంపైల్ చేసిన మాడ్యూలుగా మాత్రమే ఇచ్చారు. మాడ్యూలు ఏ కెర్నల్‌కు కట్టారో దానితోనే నడుస్తుంది. అప్‌డేట్ వచ్చిన మర్నాడు "ఇన్వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్" అంటుంది. సోర్స్ ఉంటే డీకేఎంఎస్ అనే సాధనం ప్రతి కొత్త కెర్నల్‌కూ దానంతటదే తిరిగి కట్టేది. లేదు కాబట్టి ల్యాబులవాళ్లు కెర్నల్ అప్‌డేట్లే ఆపేశారు. ఫ్యాన్ అంకె కోసం భద్రతా ప్యాచ్‌లు వదులుకున్న మిషన్లవి, ఇంటర్నెట్‌కు తగిలించి ఉన్నాయి. కొన్నిచోట్ల మీవాళ్లే బూట్ లైన్లో ఏసీపీఐ_ఎన్‌ఫోర్స్_రిసోర్సెస్ లాక్స్ అని పెట్టి వెళ్లారు. బయోసూ డ్రైవరూ ఒకే చిప్పు రిజిస్టర్లను ఒకేసారి తాకకుండా కెర్నల్ వేసిన గడియను తీసే మాట అది. ఆ గడియ తీసేశామని ఎవరికైనా చెప్పారా?

ఇక లైసెన్సు సంగతి. లైనక్స్ కెర్నల్ జీపీఎల్ (పంచేవారు సోర్స్ కూడా ఇవ్వాలనే లైసెన్సు) వెర్షన్ 2 కింద ఉంది, ఐటీ87 డ్రైవరు అందులో భాగం. దాన్ని మార్చి పంచితే, బైనరీ అందుకున్నవారికి పూర్తి సోర్స్‌నూ కంపైల్ చేసే స్క్రిప్టులనూ ఇవ్వాలని మూడో సెక్షను చెబుతోంది. వెంట ఇవ్వకపోతే కనీసం మూడేళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వాలి. మీ పెట్టెల్లో ఆ కాగితం లేదు. ప్రోగ్రాము విషయానికొస్తే, లిబ్‌సెన్సార్స్ లైబ్రరీ కొంత సడలింపున్న ఎల్‌జీపీఎల్ కింద ఉంది, దాన్ని విడిగా లింకు చేసి వాడుకుంటే మీ కోడు మూసే ఉంచుకోవచ్చు, మేం కాదనం. కానీ సెన్సార్స్ ప్రోగ్రాము జీపీఎల్ కిందిది. అది ప్రింట్ చేసే వాక్యాలు మీ బైనరీలో అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి.

"ఇంత చిన్న ప్రోగ్రాముకు సోర్స్ ఎందుకు?" అని మీ ఇంజనీరొకరు అడిగారు. ఎల్‌ఎం-సెన్సార్స్ కూడా చిన్నదిగానే మొదలైంది. నేషనల్ సెమీకండక్టర్ వారి ఎల్‌ఎం78 చిప్పు పేరే దానికి అంటుకుంది. ఒకప్పుడు ఐబీఎం థింక్‌ప్యాడ్లలో దాని సెన్సార్ల వెతుకులాట వల్ల 24ఆర్‌ఎఫ్08 అనే ఈఈప్రామ్ (సమాచారం దాచే చిప్పు) పాడై మిషన్లు బూట్ కాకుండా పోయాయి. సోర్స్ అందరి చేతుల్లో ఉంది కాబట్టి ఏ ఆజ్ఞ దాన్ని చెరుపుతోందో కనిపెట్టారు. ఆ చిప్పులతో మాట్లాడే ఐ2సీ-పీఐఐఎక్స్4 డ్రైవరు ఐబీఎం మిషన్ అని తెలియగానే లోడ్ కానని మొరాయించేలా మార్చారు. ఐటీ87 సంగతీ అంతే: చిప్పు వివరాలు దొరక్క విసిగి, నిర్వహించే వ్యక్తి కెర్నల్ బయట ఉంచిన తన కాపీని గిట్‌హబ్ నుంచి తీసేస్తే, అప్పటికే కాపీలు తీసుకున్నవాళ్లు దాన్ని కొనసాగించారు. మీరు మార్చిన డ్రైవరుకు పునాది వాళ్ల కష్టమే. రేపు మీరు ఈ వ్యాపారం మానేస్తే మీ కోడును ఎవరు కొనసాగిస్తారు?

మేం అడుగుతున్నవి ఇవి. గడువు ముప్పై రోజులు.

అ. మార్చిన ఐటీ87 మాడ్యూలు పూర్తి సోర్స్, మేక్‌ఫైలుతో (కంపైల్ చేసే సూచనల ఫైలుతో) సహా. ఇది దయ కాదు, లైసెన్సు షరతు.

ఆ. మానిటరింగ్ ప్రోగ్రాము సోర్స్, లైసెన్సు ఫైలుతో. జిప్ చేసి వెబ్‌సైటులో పెట్టినా చాలు, గిట్ చరిత్ర (మార్పుల చిట్టా) ఇస్తే ఇంకా మేలు. కోడు బాగోలేదని సిగ్గుపడి ఆపుతున్నట్టయితే, అందరి కోడూ అంతే, పంపండి.

ఇ. సోర్స్ వచ్చేలోపు సెట్‌యూఐడీ బిట్ తీసేయమని, నిశ్శబ్ద మోడ్ వాడొద్దని మీ కొనుగోలుదారులందరికీ ఒక సూచన. ఇది ఈ వారమే జరగాలి.

ఈ. మీరు సరఫరా చేసిన ప్రతి బోర్డు మోడలుకూ సెన్సార్స్ కాన్ఫిగరేషన్ ఫైలు: ఏ ఇన్‌పుట్ దేనిది, రెసిస్టర్ల లెక్క ఎంత, ఏ పిన్నులకు ఏమీ తగిలించలేదు.

ఉ. మేం పంపే ప్యాచ్‌లు (కోడు దిద్దుబాట్లు) తీసుకోవడానికి ఒక చిరునామా, అక్కడ చదివే మనిషి.

ప్రోగ్రాముకు ఒక చిన్న మార్పు కూడా అడుగుతున్నాం: సిస్ ఫోల్డరు దారిని ఆప్షనుగా ఇవ్వగలగాలి. అప్పుడు ఏ మిషన్లో సమస్య వచ్చినా ఆ మిషన్ సెన్సార్ల ఫైళ్లను కాపీ చేసి పంపితే, మిషన్ ముందు లేకపోయినా మీరూ మేమూ పరీక్షించుకోవచ్చు. కాపీకి టార్ కమాండు వాడకండి. ఆ ఫైళ్ల సైజు 4096 అని చూపిస్తుంది, లోపల ఉండేది ఐదారు అక్షరాలు, టార్ మిగతాది సున్నాలతో నింపేస్తుంది. ఒక్కో ఫైలును క్యాట్ కమాండుతో చదివి రాసే చిన్న లూపు మేలు, అది మా దగ్గర ఉంది, పంపుతాం.

కొనే కాలేజీల ప్రిన్సిపాళ్లకు, టెండరు కమిటీలకు ఒక మాట. కేంద్ర ప్రభుత్వం 2015లోనే ప్రభుత్వ సంస్థల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని విధానం ప్రకటించింది. "మిషన్‌తో ఇచ్చే ప్రతి డ్రైవరుకూ మానిటరింగ్ సాధనానికీ సోర్స్ ఇవ్వాలి" అని వచ్చే టెండరులో ఒక్క వాక్యం చేర్చండి. సంతకం పెట్టకముందు అడిగితే ఇస్తారు. బిల్లు పాసయ్యాక ఎవరూ ఫోన్ ఎత్తరు.

సోర్స్ వచ్చిన రోజున మా వైపు నుంచి మొదట వచ్చేది ఫ్యాన్ ప్యాచ్. తర్వాత రూట్ హక్కులది, ఆ వెనక హెచ్‌డబ్ల్యూమాన్ పేర్లది. ఒక్కో ప్యాచ్‌లో ఒక్కటే మార్పు ఉంటుంది, ఏ మిషన్లో పరీక్షించామో కింద రాసి ఉంటుంది. కాపీరైటు వరసలో మీ పేరు చెరపం.

ఇట్లు,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో లైనక్స్ ల్యాబులు చూసుకునే కొందరు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లు